తిరిగివచ్చిన యుత్తరము

గత సంవత్సరము పరీక్షరుసుము గడువును దెలుపుచు మేము తల్లిదండ్రులందఱికిని ఈమెయిలు పంపితిమి. మా వెబ్ స్క్రిప్టు "పంపబడినది" అని చెప్పగా నిశ్చింతగా నుంటిమి. గడువునకు ముందుదినమున వేఱొక పనిమీద వచ్చిన యొక తండ్రి తనకు వార్తయే యందలేదనెను. విచారింపగా, చిరునామాలో నొక యక్షరము తప్పుటచే నాయుత్తరము తిరిగివచ్చి, ఎవరును తెఱువని పెట్టెలో పడియుండెను. ఆయన ఆనాడు రాకున్నచో నా బాలునికి పరీక్ష తప్పియుండెడిది. లోపము మాదే. దానివలన నేర్చుకొన్నదానిని విద్యార్థులకు దెలుపుచున్నాము.

పి.హెచ్.పి. భాషలో 'మెయిల్' అను ప్రమేయము 'నిజము' అని బదులిచ్చినచో, ఉత్తరము మన సర్వరునకు అప్పగింపబడినదని మాత్రమే యర్థము. జాబును తపాలాపెట్టెలో వేయుట వేఱు, అది యిల్లు చేరుట వేఱు గదా!

సర్వరులు ఉత్తరములను ఒకదానికొకటి అందించుకొను పద్ధతికి ఎస్.ఎం.టి.పి. యని పేరు. జాన్ పోస్టెల్ 1982లో దీని నియమములను వ్రాసెను. ఇందు ప్రతి బదులును మూడంకెల సంఖ్యతో నారంభమగును. మొదటి యంకె 2 అయినచో అంగీకారము. 4 అయినచో తాత్కాలికమైన యడ్డంకి; సర్వరు కొంతసేపాగి మరల ప్రయత్నించును. నాలుగైదు దినములైనను విడువరాదని 2008 నాటి నియమావళి చెప్పుచున్నది. 5 అయినచో నిరాకరణము. 550 అను సంఖ్య తఱచుగా అట్టి పెట్టె లేదని తెలుపును. అట్టి చిరునామాకు పదేపదే పంపుచున్నచో ఇతర సర్వరులు మన యుత్తరములన్నిటిని సంశయించును.

ఈమెయిలునకును కవరు కలదు. లోపలి కాగితముపై పంపినవారి పేరు ఏదియైనను, తిరుగుటపా కవరుపైనున్న చిరునామాకే వచ్చును. మేము ఆ చిరునామాను సరిచూడకయే స్క్రిప్టు వ్రాసితిమి. ఒక్కొక్క గ్రహీతకు ఒక్కొక్క తిరుగు చిరునామా నేర్పఱచినచో, ఎవరి యుత్తరము మరలినదో వెంటనే తెలియును. తిరుగువార్తకు మాత్రము కవరుపై పంపినవారి చిరునామా ఖాళీగా నుండును. ఏలన, అదియు చేరనిచో దానికి మరియొక తిరుగువార్త పుట్టి, యీ పరంపరకు అంతముండదు.

ఇప్పుడు మేము ఆ పెట్టెను ప్రతిదినము తెఱచుచున్నాము. శాశ్వతముగా నిరాకరింపబడిన చిరునామాను పట్టికనుండి తొలగించి, ఆ విద్యార్థిచేతికే కాగితము నిచ్చుచున్నాము. తల్లిదండ్రులు చిరునామా వ్రాయునపుడు ఒక్కొక్క యక్షరమును సరిచూడ వేడుచున్నాము. పంపితిమను మాటతో మా పని తీరదు. అందినదని యెఱిగినపుడే తీరును.