ముందు వెర్షన్ చూద్దాం, తర్వాతే పుస్తకం తెరుద్దాం

సూరత్‌కు దక్షిణంగా, ఉధ్నా దాటగానే వచ్చే రైల్వే స్టేషన్ భేస్తాన్. ఈ చుట్టుపక్కల సాంచాల మీద బతికే తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. సాంచా ఆగితే మెకానిక్ మొదట అడిగేది దాని మోడల్ ఏమిటని. అది తెలియకుండా కొన్న విడిభాగం ఎంత మంచిదైనా బిగదు. కంప్యూటర్ భాష నేర్చుకునే మన పిల్లలు మాత్రం ఈ ప్రశ్న వేసుకోకుండానే పుస్తకం తెరుస్తున్నారు.

మా శాఖలోని ఒక సబ్‌స్టాఫ్ మిత్రుడి అమ్మాయి పైథాన్ నేర్చుకుంటోంది. ఇంట్లో ఉన్నది సెకండ్ హ్యాండ్‌లో కొన్న విండోస్ 7 కంప్యూటర్. "అంకుల్, పుస్తకంలో ఉన్నట్టే కొట్టిన. అయినా తప్పంటోంది. నాకు ఇది రాదేమో" అంది. "కొత్త కంప్యూటర్ కొనాల్నా సార్?" అని తండ్రి దిగులు. చూస్తే ఆమె రాసినదాంట్లో తప్పేమీ లేదు. పుస్తకంలో ఉన్నది 'మ్యాచ్' అనే వాక్యం. అది 2021 అక్టోబరులో వచ్చిన పైథాన్ 3.10తో మొదలైంది. ఆమె కంప్యూటర్లో ఉన్నది 3.8. విండోస్ 7 మీద నడిచే చివరి పైథాన్ అదే. అదే పనిని 'ఇఫ్', 'ఎలిఫ్'లతో రాయగానే ప్రోగ్రాం నడిచింది. కంప్యూటర్ మార్చాల్సిన పని లేకపోయింది.

వెర్షన్ తెలుసుకోవడం ఎలా?

విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి 'పైథాన్' అని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో టైపు చేయండి. ఒక ఖాళీ వదిలి, రెండు అడ్డగీతలు పెట్టి, వాటికి ఆనించి 'వెర్షన్' అని కొట్టి ఎంటర్ నొక్కండి. 3.8.10 వంటి సంఖ్య కనిపిస్తుంది. లినక్స్‌లో 'పైథాన్' పక్కనే 3 అంకె కలపండి. ఐడిల్ వాడేవారికి ఈ పని కూడా లేదు, కిటికీ తెరవగానే మొదటి వరుసలోనే వెర్షన్ ఉంటుంది.

ఈ సంఖ్యలో మొదటి రెండు భాగాలే మనకు ముఖ్యం. కొత్త సౌకర్యాలు వాటితోనే మారతాయి. మూడో భాగం ప్రధానంగా లోపాల సవరణలకు సంబంధించినది. ఒక జాగ్రత్త: 3.10ని దశాంశంగా చదవకూడదు. అది మూడు, పది. అంటే 3.9 కంటే కొత్తది.

సరిపోయే వివరణ ఎక్కడుంది?

పైథాన్ అధికారిక డాక్యుమెంటేషన్ సైటు తెరిస్తే మామూలుగా తాజా వెర్షన్ వివరణే వస్తుంది. పేజీ పైభాగంలో వెర్షన్ల జాబితా ఉంటుంది, అందులో మీ సంఖ్య ఎంచుకోండి. తాజా పేజీయే చదవాల్సి వస్తే, ఒక్కో అంశం కింద 'న్యూ ఇన్ వెర్షన్' లేదా 'యాడెడ్ ఇన్ వెర్షన్' అనే చిన్న గమనిక కోసం వెతకండి. అక్కడున్న సంఖ్య మీ దానికంటే పెద్దదైతే ఆ సౌకర్యం మీ కంప్యూటర్లో లేనట్టే. ఇంటర్నెట్ లేకపోయినా ఇబ్బంది లేదు. పైథాన్‌లోనే 'హెల్ప్' అని, బ్రాకెట్లలో కావలసిన పేరు ఇస్తే వివరణ వస్తుంది. అది మీ కంప్యూటర్లో ఉన్న వెర్షన్‌దే కాబట్టి తేడా వచ్చే ప్రసక్తి లేదు.

తప్పు చూపని తప్పు

తప్పని చెప్పి ఆగిపోయే ప్రోగ్రాంతో పెద్ద ప్రమాదం లేదు. నవ్వుతూ తప్పుడు లెక్క చెప్పేదే ప్రమాదం. 7ని 100తో భాగించమంటే పైథాన్ 3 ఇచ్చే జవాబు 0.07. పైథాన్ 2లో అదే వరుసకు జవాబు 0, ఎందుకంటే పూర్ణాంకాల భాగహారంలో అది దశాంశాన్ని వదిలేస్తుంది. ముందు 7ని 100తో భాగించి, తర్వాత అసలుతో హెచ్చించేలా రాసిన ప్రోగ్రాంలో 10,000 రూపాయల మీద 7 శాతం వడ్డీ ఒకచోట 700, మరోచోట సున్నా! పైథాన్ 2కు 2020 జనవరి 1తోనే మద్దతు ఆగిపోయింది. అయినా దాని కోసం రాసిన గైడ్లు, నోట్సులు ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి.

బ్యాంకు ఉద్యోగులకు ఈ అలవాటు కొత్త కాదు. సర్క్యులర్ చేతికి రాగానే ముందు తేదీ చూస్తాం, దాన్ని తోసిరాజన్న కొత్తది వచ్చిందేమో కనుక్కుంటాం. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిశాక పాత ఐఎఫ్‌ఎస్‌సి కోడ్ల స్థానంలో కొత్తవి వాడాలని ఖాతాదారులకు ఎన్నిసార్లు చెప్పామో గుర్తుందిగా! పాత కోడ్ ఒకప్పుడు సరైనదే, కాలం మారింది.

పైథాన్ 3.8కు కూడా 2024 అక్టోబరుతో మద్దతు ముగిసింది. పాఠాలు నేర్చుకోవడానికి అది చాలు, ఉద్యోగపు పనికి మాత్రం మద్దతు ఉన్న వెర్షనే వాడాలి. ఈ ఆదివారం పిల్లల పక్కన కూర్చుని, వారి నోట్‌బుక్ మొదటి పేజీలో పేరు కింద వెర్షన్ సంఖ్య కూడా రాయించండి. ఈసారి తెర మీద ఎర్ర అక్షరాలు కనిపిస్తే "నాకు రాదేమో" అనుకునే ముందు ఆ సంఖ్య వైపు చూస్తారు.