పోటీ పరీక్షల ప్రత్యేకం: ఆనకట్టకు ముందు గోదావరి సీమలో ఒక దినచర్య

తెలుగులో తొలి యాత్రాచరిత్ర ఏదంటే ‘కాశీయాత్ర చరిత్ర’. రచయిత ఏనుగుల వీరాస్వామి, మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. అభ్యర్థులు తడబడేది తేదీల దగ్గరే: ప్రయాణం మొదలైంది 1830 మే 18న, ముగిసింది 1831 సెప్టెంబరు 3న. పుస్తకంగా అచ్చయింది మాత్రం ఆయన పోయాక, 1838లో. దారిలో రాసి పంపిన సంగతులను దాచి అచ్చు వేయించిన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లె. ఈ పేరు తప్పక గుర్తుంచుకోండి. దిగవల్లి వెంకట శివరావు పరిష్కరించిన ప్రతి 1941 నాటిది.

వెళ్లేటప్పుడు కడప, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు దారి. తిరుగు ప్రయాణం గయ, కలకత్తా, పూరీ, సింహాచలం, రాజమండ్రి మీదుగా. ఇంజనీరు కాటన్ గోదావరిపై ధవళేశ్వరం ఆనకట్ట కట్టింది 1847–52లో. అంటే వీరాస్వామి దాటింది కాలువలు లేని గోదావరి సీమ. ఆయన యాత్ర ముగిసిన మరుసటి ఏడాదే డొక్కల కరువు (1832–33) వచ్చింది. నీటిపారుదల చరిత్ర చదివేవారు యాత్ర, కరువు, ఆనకట్ట ఈ మూడింటినీ వరుసగా పెట్టుకోవాలి.

ప్రపంచ చరిత్రలో దీనికి జతగా అడగదగ్గది లూయీస్, క్లార్కుల దినచర్యలు (1804–06). అమెరికా అధ్యక్షుడు జెఫర్సన్ పంపగా వాళ్లు పసిఫిక్ తీరం దాకా వెళ్లారు. అది సర్కారు పని. మనవాడిది సెలవు పెట్టి చేసిన తీర్థయాత్ర. అయినా మజిలీలు, దారులు, ఊళ్ల వసతులు శ్రద్ధగా రాసుకున్నాడు.