కొనే ముందు మూత తెరిచి చూడండి

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. అప్పటినుంచి ఇళ్లలోని పాత డెస్క్‌టాప్‌లకు గడ్డుకాలం వచ్చింది. నెమ్మదించినా, మొరాయించినా దుకాణంలో వినిపించే మాట ఒకటే: "పాతదైపోయింది సార్, కొత్తది తీసుకోండి." ఆ మాట విన్నాక కూడా వెంటనే డబ్బు తీయకుండా ఆగినవాళ్ల ప్రశ్నలే ఈసారి.

ప్రశ్న: 2017లో కొన్న డెస్క్‌టాప్. ఏడో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్‌డిస్క్. ట్యాలీ, ఎక్సెల్, జీఎస్టీ రిటర్నులు తప్ప వేరే పని లేదు. ఆన్ చేసి టీ తాగి వచ్చినా తెర కుదురుకోదు. ర్యామ్ 16 జీబీ చేయించమని ఒకరు, సిస్టమే మార్చేయమని ఇంకొకరు అంటున్నారు.
— ఒక అకౌంటెంట్, తెనాలి

జవాబు: ఇద్దరి మాటా కాసేపు పక్కన పెట్టండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పర్ఫార్మెన్స్ విభాగం చూడండి. సీపీయూ ఖాళీగా ఉండి, డిస్క్ మాత్రం 100 శాతం దగ్గర అంటుకుపోయి ఉంటే తప్పు హార్డ్‌డిస్క్‌ది. ఇలాంటి యంత్రాల్లో చాలావరకు అదే బయటపడుతుంది.

నిమిషానికి 7,200 సార్లు తిరిగే హార్డ్‌డిస్క్ పళ్లెం ఒక చుట్టు పూర్తి చేయడానికి 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. అడిగిన సమాచారం హెడ్ కిందికి రావడానికి సగటున అందులో సగం, హెడ్‌ను అక్కడికి జరపడానికి మరికొంత. అంటే చెదురుమదురుగా ఉన్న చిన్న చిన్న ముక్కల్ని అది సెకనుకు వంద చొప్పున అందిస్తే గొప్ప. విండోస్ లేచేటప్పుడు అడిగేవేమో వేలల్లో. ఎస్ఎస్‌డీలో తిరిగేదీ జరిగేదీ ఏమీ లేదు కాబట్టి మామూలు శాటా రకం కూడా సెకనుకు పదివేలకు పైగా అందిస్తుంది. దుకాణాలవాళ్లు చూపించే "సెకనుకు 550 ఎంబీ" అంకె కంటే మీకు పనికొచ్చేది ఈ తేడాయే.

కాబట్టి మొదటి ఖర్చు 2.5 అంగుళాల శాటా ఎస్ఎస్‌డీ. మీ పనికి 256 జీబీ సరిపోతుంది, 500 అయితే నిశ్చింత. విండోస్‌ను అందులోకి మార్చి, పాత హార్డ్‌డిస్క్‌ను ఫైళ్ల నిల్వకు అలాగే ఉంచుకోవచ్చు. తర్వాత ర్యామ్. 4 జీబీ ఇప్పుడు బ్రౌజర్‌కే చాలడం లేదు, 8కి పెంచండి. ట్యాలీకి 16 ఎందుకో ఆ సలహా ఇచ్చినవారే చెప్పాలి. పైగా 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో మెమరీ ధరలు ఎగబాకాయి. క్రూషియల్ పేరుతో ర్యామ్ అమ్ముతూ వచ్చిన మైక్రాన్, ఇళ్లవాళ్లకు అమ్మే ఆ వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు ఆ డిసెంబర్‌లోనే ప్రకటించింది. అవసరానికి మించి ర్యామ్ కొనే కాలం కాదిది.

ఒక మెలిక ఉంది. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ ఎనిమిదో తరం నుంచే మొదలవుతుంది, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కూడా ఉండాలి. మీ ఏడో తరం ఐ3 ఆ జాబితాలో లేదు. విండోస్ 10కి అదనపు భద్రతా అప్‌డేట్ల పథకం ఇళ్లవాళ్లకు 2026 అక్టోబర్ 13 వరకు ప్రకటించారు. లినక్స్‌కి మారొచ్చు కదా అంటారు కొందరు. కానీ ట్యాలీ విండోస్ మీద నడిచేది, అందుకని అది మీకు దారి కాదు. ఎస్ఎస్‌డీ మీద ఖర్చు మాత్రం ధైర్యంగా పెట్టండి, రేపు కొత్త సిస్టమ్ కొన్నా అందులోకి వెళ్తుంది. డీడీఆర్4 ర్యామ్‌కి ఆ హామీ లేదు, కొత్త బోర్డులు చాలావరకు డీడీఆర్5వి.

ప్రశ్న: పాత ల్యాప్‌టాప్‌కి 8 జీబీ ర్యామ్ ఆన్‌లైన్‌లో తెప్పించాను. స్లాట్‌లో కూర్చోవడం లేదు. కాస్త గట్టిగా నొక్కమంటారా?
— డిగ్రీ విద్యార్థి, ఖమ్మం

జవాబు: వద్దు! సరైన ర్యామ్ కాస్త ఏటవాలుగా పెట్టి కిందికి వంచితే క్లిప్పులు టిక్కున పట్టుకుంటాయి. బలం అవసరమైందంటే అది వేరే రకమని అర్థం. ల్యాప్‌టాప్‌లకు వాడే ర్యామ్‌లో డీడీఆర్3కి 204 పిన్నులు, డీడీఆర్4కి 260. మధ్యలోని గాడి కూడా రెండింటికీ వేర్వేరు చోట్ల పెట్టింది ఒకదానిలో ఒకటి పొరపాటున దూరకూడదనే. పాతదాన్ని బయటికి తీసి లేబుల్ చదవండి. పీసీ3 అని ఉంటే డీడీఆర్3, పీసీ4 అని ఉంటే డీడీఆర్4. పీసీ3 పక్కన ఎల్ అక్షరం ఉంటే దాన్ని వదిలేయకండి. అది 1.35 వోల్టుల రకం. ఇంటెల్ నాలుగో తరం ల్యాప్‌టాప్‌లు 1.5 వోల్టుల ర్యామ్‌ను ఒప్పుకోవు, స్లాట్‌లో చక్కగా కూర్చున్నా సరే. తెప్పించినదాన్ని వాపసు గడువు దాటకముందే పంపేయండి.

ప్రశ్న: వానలు మొదలైనప్పటినుంచి సీపీయూ ఆన్ అవుతోంది, ఫ్యాన్ తిరుగుతోంది, కానీ డిస్‌ప్లే రావడం లేదు. మదర్‌బోర్డు పోయిందని మెకానిక్ అన్నారు.
— గృహిణి, కాకినాడ

జవాబు: పోయి ఉండొచ్చు. అయితే ఆ మాట చివర్లో రావాలి. సముద్రపు గాలి, వానాకాలపు చెమ్మ కలిస్తే ర్యామ్ కాంటాక్టుల మీద సన్నటి పొర పేరుకుని స్లాట్‌తో సంబంధం సడలుతుంది. ఫ్యాన్ తిరుగుతూ తెర నల్లగా ఉండటానికి తరచూ కనిపించే కారణం ఇదే. సరిచేయడానికి పైసా ఖర్చు లేదు.

ముందు మానిటర్ కేబుల్ రెండు చివర్లా చూడండి. గ్రాఫిక్స్ కార్డు ఉన్న సిస్టమ్ అయితే కేబుల్ దానికే పెట్టాలి, మదర్‌బోర్డుకి కాదు. ఊడ్చేటప్పుడు ఊడిన తీగను మళ్లీ తప్పు పోర్టులో పెట్టడం మన ఇళ్లలో మామూలే. తర్వాత ప్లగ్గు పూర్తిగా పీకేసి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి. క్యాబినెట్ పక్క మూత తీసి, లోపలి ఇనుప చట్రాన్ని ఒకసారి తాకండి, ఒంట్లోని స్టాటిక్ పోతుంది. అప్పుడు ర్యామ్ తీసి, బంగారు రంగు కాంటాక్టులను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడవండి. మెకానిక్‌లు పెన్సిల్ రబ్బరుతో రుద్దుతారు. నెమ్మదిగా రుద్ది, పొట్టు దులిపేస్తే అదీ పనిచేస్తుంది. రెండు ర్యామ్‌లుంటే ఒక్కొక్కటే పెట్టి, స్లాట్లు మార్చి చూడండి.

బోర్డుకు చిన్న స్పీకర్ ఉంటే బీప్‌లు లెక్కపెట్టండి. వాటి అర్థం బయోస్ కంపెనీని బట్టి మారుతుంది కనుక మాన్యువల్‌లో చూసుకోవాలి. కొన్ని కొత్త బోర్డుల మీద సీపీయూ, డ్రామ్, వీజీఏ, బూట్ అని నాలుగు చిన్న లైట్లుంటాయి. ఏది ఆరకుండా వెలుగుతుంటే లోపం అక్కడ. ఇవన్నీ అయ్యాక, ఇంకో సిస్టమ్ నుంచి తెచ్చిన ఎస్ఎంపీఎస్ (కరెంటు అందించే డబ్బా) పెట్టి చూడకుండా మదర్‌బోర్డు పోయిందన్న తీర్పును ఒప్పుకోకండి.

ఎస్ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఎవరూ విప్పకూడదు. గాలి కన్నాల్లోంచి బల్లి దూరి చచ్చిపోయిందన్న అనుమానం వచ్చినా సరే. లోపలి కెపాసిటర్లలో సుమారు 325 వోల్టులు ప్లగ్గు తీశాక కూడా కొంతసేపు నిలిచి ఉంటాయి.

ప్రశ్న: సీపీయూ క్యాబినెట్‌ను చెప్పుల్లేకుండా ముట్టుకుంటే జివ్వుమంటోంది. సిస్టమ్ మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తోంది. ఎస్ఎంపీఎస్ మార్చాలా?
— రిటైర్డ్ టీచర్, వరంగల్

జవాబు: మార్చినా జివ్వుమంటూనే ఉంటుంది. లోపం కంప్యూటర్‌లో కాకుండా గోడలో ఉండే అవకాశమే ఎక్కువ. మీ ప్లగ్ పాయింట్‌కు ఎర్తింగ్ లేదు, లేదా ఉండీ తెగిపోయింది.

ప్రతి ఎస్ఎంపీఎస్‌లోనూ కరెంటులోని చప్పుడును వడకట్టే ఫిల్టర్ ఒకటి ఉంటుంది. అందులో ఒక చిన్న కెపాసిటర్ ఫేజ్ నుంచి ఇనుప డబ్బాకూ, మరొకటి న్యూట్రల్ నుంచి డబ్బాకూ కలిపి ఉంటాయి. వాటిగుండా కారే కొద్దిపాటి కరెంటు ఎర్త్ తీగలోంచి నేలలోకి పోవాలి. తీగ లేకపోతే డబ్బా మీద 230 వోల్టుల్లో సగం, దాదాపు 115 వోల్టులు తేలుతుంటాయి. మీటరు పెడితే అంకె చూసి గుండె జారుతుంది కానీ, కరెంటు మిల్లీయాంపియర్‌లో చిన్న భాగమే కాబట్టి జివ్వుమని ఊరుకుంటుంది. అలాగని వదిలేయడానికి లేదు. ఎస్ఎంపీఎస్‌లో ఏనాడైనా ఫేజ్ తీగ డబ్బాకు తగిలితే పూర్తి 230 వోల్టులూ చేతికే తగులుతాయి. ఆ రోజు కాపాడాల్సింది ఆ ఎర్త్ తీగే.

ఎలక్ట్రీషియన్‌తో మీటరు పెట్టించి చూడండి. ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య 230కి దగ్గరగా రావాలి. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య ఒకటి రెండు వోల్టులకు మించకూడదు. త్రీపిన్ ప్లగ్గును టూపిన్ సాకెట్‌లో పెట్టే కన్వర్టర్ వాడుతుంటే ఈరోజే పారేయండి. ఇంటికి ఎర్త్ గొయ్యి ఉండి చాలా ఏళ్లయితే అందులో నీళ్లు పోయించండి, ఎండాకాలంలో మరీ. ఒక హెచ్చరిక: సులువు దారిగా కొందరు సాకెట్ వెనకాలే ఎర్త్ పిన్నును న్యూట్రల్‌కు కలిపేస్తారు. జివ్వుమనడం ఆగుతుంది, మీటరు లెక్కా బాగుంటుంది. కానీ ఎక్కడో న్యూట్రల్ తెగిన రోజు క్యాబినెట్ మొత్తం ఫేజ్ అవుతుంది. అలా చేస్తానన్న మనిషిని ఇంట్లోకి రానివ్వకండి.

ప్రశ్న: ఇంటికి ఇన్వర్టర్ ఉంది. కరెంటు పోగానే ఫ్యాన్లు ఆగవు, కంప్యూటర్ మాత్రం రీస్టార్ట్ అవుతోంది.
— నిజామాబాద్

జవాబు: ఇన్వర్టర్ మీద యూపీఎస్, నార్మల్ అని రాసిన స్విచ్ ఉందేమో చూడండి. చాలావాటికి ఉంటుంది, చాలామంది దాన్ని ముట్టుకోరు. కరెంటు పోయిన క్షణాన ఎస్ఎంపీఎస్ తనలో మిగిలిన శక్తితో సుమారు 16 మిల్లీసెకన్లు నెట్టుకొస్తుంది. నార్మల్ మోడ్‌లో ఇన్వర్టర్ మారడానికి అంతకన్నా ఎక్కువ సమయం పట్టొచ్చు, ఫ్యాన్‌కు ఆ తేడా తెలియదు. యూపీఎస్ మోడ్‌లో పెట్టాక కూడా రీస్టార్ట్ అవుతుంటే కంప్యూటర్‌కు విడిగా 600 వీఏ యూపీఎస్ పెట్టుకోండి. దాని లోపలి 12 వోల్టుల బ్యాటరీని రెండు మూడేళ్లకోసారి మార్చాల్సి వస్తుందని ముందే లెక్కలో వేసుకోండి.

ప్రశ్న: ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ పాత సంవత్సరానికి పోతోంది. బ్యాంకు వెబ్‌సైట్ తెరిస్తే సురక్షితం కాదంటోంది. వైరస్ పట్టిందా?
— ఒంగోలు

జవాబు: లేదు. మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోయింది. సీఆర్2032 అని అడిగితే వాచీ దుకాణంలోనూ ఇస్తారు. తేదీ తప్పుగా ఉంటే సైట్ల సర్టిఫికెట్ల గడువు లెక్క తప్పి ఆ హెచ్చరిక వస్తుంది.

ప్రశ్న: సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఒక కంపెనీ ఆఫీసు వాడి తీసేసిన సన్నపాటి డెస్క్‌టాప్ తీసుకున్నాం. మా వాడు గేమ్స్‌కి గ్రాఫిక్స్ కార్డు అడుగుతున్నాడు. ఏది కొనాలి?
— ఒక తండ్రి, ఉప్పల్

జవాబు: కార్డు పేరు కన్నా ముందు మూడు కొలతలు చూడాలి. ఆఫీసు సన్న డెస్క్‌టాప్‌ల్లో ఎస్ఎంపీఎస్ తరచూ 180 నుంచి 240 వాట్ల మధ్యే ఉంటుంది, కార్డుకు విడిగా పవర్ తీగ ఇవ్వదు. పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్ నుంచి కార్డుకు దొరికేది గరిష్ఠంగా 75 వాట్లు. ఇక ఎత్తు: సన్న క్యాబినెట్‌లో లో ప్రొఫైల్ అనే సగం ఎత్తు కార్డులే పడతాయి. పెద్ద ఎస్ఎంపీఎస్ వేద్దామంటే, ఈ బ్రాండెడ్ యంత్రాల్లో చాలావాటికి కనెక్టర్లు వాళ్ల సొంతవి, బజారు ఎస్ఎంపీఎస్ కుదరదు.

ఈ మూడు గీతల మధ్య నిలిచే కార్డుల్లో చెప్పుకోదగ్గది 2019లో వచ్చిన జీటీఎక్స్ 1650, అదీ లో ప్రొఫైల్‌లో, పవర్ తీగ అక్కర్లేని రకమే. జీటీ 1030 ఇంకా తక్కువ కరెంటుతో నడుస్తుంది, కానీ గేమ్స్ కోసం అది కొంటే నెల తిరక్కుండా మీ వాడు మళ్లీ అడుగుతాడు. పెద్ద గేమ్స్ మీద మనసుంటే ఈ డబ్బాలో ఖర్చు పెట్టడం దండగ. దీన్ని చదువుకు ఉంచి, మామూలు సైజు క్యాబినెట్‌తో మెల్లగా వేరే సిస్టమ్ కట్టుకోవడమే మంచిది.

ప్రశ్న: పెళ్లి వీడియోలున్న ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ టక్ టక్ అని చప్పుడు చేస్తోంది. ఒక్కోసారి తెరుచుకుంటోంది, ఒక్కోసారి లేదు. డీప్ ఫ్రీజర్‌లో పెడితే బాగవుతుందని వాట్సాప్‌లో చదివాం.
— డాలస్ నుంచి ఒక దంపతులు

జవాబు: ఫ్రీజర్‌లోంచి తీశాక పళ్లేల మీద చెమ్మ చేరుతుంది, ఉన్న కాస్త ఆశా పోతుంది. టక్ టక్ చప్పుడంటే హెడ్ తన చోటు దొరక్క వెనక్కీ ముందుకీ కొట్టుకుంటోందన్నమాట. దాన్ని ఇంకా తిప్పితే పళ్లెం మీద గీతలు పడొచ్చు. రికవరీ సాఫ్ట్‌వేర్లు, చెక్ డిస్క్ వంటివి నడపొద్దు, అవి డిస్క్ మొత్తాన్ని చదవడానికి ప్రయత్నించి పని ముగిస్తాయి. వెంటనే తీసి పక్కన పెట్టి, దుమ్ములేని గది ఉన్న డేటా రికవరీ సంస్థకు ఇవ్వండి. ఖర్చు కొత్త డిస్క్ ధరకు ఎన్నో రెట్లు అవుతుంది. ఆ వీడియోలకు అంత విలువ ఉందా లేదా అన్నది మీరిద్దరూ తేల్చుకోవలసిన మాట. దానికంటే ముందు, పెళ్లి వీడియో తీసిన స్టూడియోకు ఒక ఫోన్ చేసి, వాళ్ల దగ్గర కాపీ మిగిలిందేమో అడగండి.

మిగతా పాఠకులు ఉచితంగా దొరికే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫోతో తమ డిస్క్‌లు చూసుకోవచ్చు. రీఅలొకేటెడ్, పెండింగ్ సెక్టార్ల అంకెలు సున్నా దాటి పెరుగుతుంటే ఆ రోజే కాపీ తీయాలి.

ప్రశ్న పంపేవారికి ఒక మనవి: "సిస్టమ్ స్లో" అని ఒక్క ముక్క రాస్తే జవాబు ఇవ్వడం కష్టం. విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కి, ఎంఎస్ఇన్ఫో32 అని ఇంగ్లిష్‌లో టైపు చేస్తే వచ్చే పేజీలో ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్ వివరాలుంటాయి. వాటితోపాటు లోపం ఎప్పుడు మొదలైందో, దానికి ముందు ఏం మార్చారో కూడా రాయండి.