నల్లతెర దగ్గర ఆగిన కంప్యూటర్: బూట్ లోడర్ పాఠం

కొన్నేళ్ల క్రితం మా పాఠశాలలోని ఒక కంప్యూటర్ ఉదయం ఆన్ చేయగానే నల్లతెర మీద రెండు పంక్తులు చూపించి ఆగిపోయింది. మొదటిది, ‘అలాంటి పార్టిషన్ లేదు’ అనే అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యం. రెండోది ‘గ్రబ్ రెస్క్యూ’ అనే మాట, పక్కనే మిణుకుమిణుకుమనే గీత. మాకెవరికీ ఏమీ పాలుపోక బజారులో ఒక రిపేరు షాపుకు పంపించాం. సాయంత్రానికల్లా బాగై వచ్చింది. అయితే నేను ఆరేళ్లుగా తయారు చేసుకున్న పదో తరగతి ప్రశ్నపత్రాలు, పాఠాల నోట్సు మాత్రం అందులో లేవు. “ఫార్మాట్ చేశాం సార్, వేరే మార్గం లేదు” అన్నారు.

వేరే మార్గం ఉందని, అది అరగంట పని అని ఇంజినీరింగ్ చదివిన నా పాత విద్యార్థి తరువాత చెప్పాడు. ఆ బాధతోనే ఈ పాఠం నేర్చుకున్నాను. దాతలు చదివే సంచికలో దీన్ని రాయడానికి కారణం ఉంది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. చాలా పాత యంత్రాలు విండోస్ 11కు సరిపోవు. అందుకే ఆఫీసుల నుంచి, ఇళ్ల నుంచి అవి బయటికి వస్తున్నాయి. వాటిలో ఉబుంటు, మింట్ లాంటి లినక్స్ వేసి పిల్లలకు ఇస్తే ఇంకా కొన్నేళ్లు పనిచేస్తాయి. కానీ ఒక రోజు నల్లతెర కనబడగానే “ఇది పోయింది” అని మూలన పడేస్తున్నారు. నిజానికి వాటిలో చాలా మటుకు పోయినవి కావు.

కంప్యూటర్ మేలుకోవడం బడి తెరవడం లాంటిది. పవర్ బటన్ నొక్కగానే ముందుగా లేచేది మదర్‌బోర్డు మీది చిప్‌లో ఉండే ఫర్మ్‌వేర్. ఇది గేటు దగ్గరి వాచ్‌మన్. గేటు తీయడం తెలుసు గాని ఏ గదిలో ఏముందో తెలియదు. అతను తాళాల గుత్తి ఉన్న అటెండర్‌ను పిలుస్తాడు. ఆ అటెండరే బూట్ లోడర్. అటెండర్ ఆఫీసు గది తెరిచాక హెడ్మాస్టర్ వచ్చి కూర్చుంటారు, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్ పని మొదలుపెడుతుంది. అక్కడితో అటెండర్ పని అయిపోయింది. లినక్స్‌లో ఎక్కువగా కనిపించే బూట్ లోడర్ పేరు గ్రబ్.

పాత పద్ధతి ఫర్మ్‌వేర్‌ను బయోస్ అంటారు. అది డిస్క్‌లోని మొట్టమొదటి 512 బైట్లను మాత్రమే చదువుతుంది. అందులో 446 బైట్లే బూట్ లోడర్‌కు దక్కుతాయి. మిగిలినవి పార్టిషన్ల పట్టికకు, చివరి గుర్తుకు పోతాయి. 446 అంటే ఎంత? మనం వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక తెలుగు అక్షరానికి కనీసం 3 బైట్లు కావాలి. అంటే 150 అక్షరాలు కూడా పట్టని చోటు! అంత ఇరుకులో గ్రబ్ పూర్తిగా ఇమడదు గనుక అక్కడ చిన్న తునక ఉండి, మిగతాది డిస్క్‌లో ఫలానా చోట ఉందని దారి చూపుతుంది. ఎవరైనా ఖాళీ స్థలం కోసమని ఒక పార్టిషన్ తీసేసినా, కలిపేసినా ఆ ఫలానా చోటు మారిపోతుంది. మా బడిలో జరిగింది అదే. గది నంబర్లు మార్చారు, అటెండర్‌కు చెప్పలేదు. గదిలోని పుస్తకాలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

కొత్త పద్ధతి యూఈఎఫ్ఐ. ఇది డిస్క్‌లో ప్రత్యేకంగా కేటాయించిన చిన్న పార్టిషన్ నుంచి బూట్ లోడర్‌ను మామూలు ఫైలుగా తెరుస్తుంది. ఏ ఫైలు తెరవాలో రాసుకున్న జాబితా మదర్‌బోర్డు జ్ఞాపకంలో ఉంటుంది.

ఇక రోగం ఎక్కడుందో తెర చూసే చెప్పవచ్చు. తెర మీద అసలేమీ రాకుండా బీప్ శబ్దాలే వస్తుంటే అది ర్యామ్ లాంటి విడిభాగాల గొడవ, బూట్ లోడర్‌ది కాదు. బూట్ చేసే పరికరం లేదని ఇంగ్లీషులో వస్తే వాచ్‌మన్‌కు అటెండర్ దొరకలేదన్నమాట. ముందు పెన్‌డ్రైవ్ ఏదైనా గుచ్చి వదిలేశారేమో చూడండి. (నవ్వకండి, నేనే రెండుసార్లు వదిలేశాను.) తరువాత డిస్క్ కేబుల్ చూడండి. ఆ తరువాత తేదీ చూడండి. యంత్రం ఎన్నో ఏళ్ల కిందటి తేదీ చూపిస్తుంటే లోపలి సీఆర్2032 బిళ్ల బ్యాటరీ అయిపోయినట్టే. దాంతో సెట్టింగులు మొదటికి వెళ్లి, యూఈఎఫ్ఐ పద్ధతిలో వేసిన సిస్టమ్‌ను పాత బయోస్ పద్ధతిలో వెతుకుతూ ఉండవచ్చు. బ్యాటరీ మార్చి, బూట్ పద్ధతిని, వరుసను సరిచేస్తే చాలు. మెనూ వచ్చి, ఎంచుకున్నాక ఆగిపోతే అటెండర్ తన పని చేశాడు. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి పాత కెర్నల్‌తో ప్రయత్నించండి.

ఇప్పుడు గ్రబ్ రెస్క్యూ సంగతి. ఇక్కడ ఆదేశాలను తెలుగు లిపిలో రాస్తున్నాను, యంత్రం మీద ఇంగ్లీషు చిన్న అక్షరాలే కొట్టాలి. ‘ఎల్ఎస్’ అని కొడితే డిస్క్‌లు, పార్టిషన్ల పేర్లు వస్తాయి. ఒక్కొక్క పేరు పక్కన ‘/బూట్/గ్రబ్’ చేర్చి మళ్లీ ‘ఎల్ఎస్’ కొడుతూ పోతే ఒక చోట ఫైళ్ల పేర్లు కనిపిస్తాయి. అది (హెచ్‌డీ0,ఎంఎస్‌డాస్5) అనుకుందాం. అప్పుడు వరుసగా నాలుగు ఆదేశాలు:

సెట్ రూట్=(హెచ్‌డీ0,ఎంఎస్‌డాస్5)
సెట్ ప్రిఫిక్స్=(హెచ్‌డీ0,ఎంఎస్‌డాస్5)/బూట్/గ్రబ్
ఇన్స్‌మాడ్ నార్మల్
నార్మల్

మెనూ వచ్చేస్తుంది. మొదటిసారి అది వచ్చినప్పుడు స్టాఫ్ రూములో నేను పెట్టిన కేకకు లెక్కల మాస్టారు పరుగెత్తుకొచ్చారు. కానీ ఇది ఆ పూటకే. సిస్టమ్ తెరుచుకోగానే టెర్మినల్‌లో ‘సుడో గ్రబ్-ఇన్‌స్టాల్’ అని కొట్టి డిస్క్ పేరు ఇవ్వాలి. తరువాత ‘సుడో అప్‌డేట్-గ్రబ్’. బయోస్ యంత్రంలో డిస్క్ పేరు ‘/డెవ్/ఎస్‌డీఏ’ అని ఆపాలి, చివర పార్టిషన్ అంకె తగిలించకూడదు. యూఈఎఫ్ఐ యంత్రంలో డిస్క్ పేరు అవసరమే లేదు.

ఏ పార్టిషన్‌లోనూ ఆ ఫైళ్లు దొరకకపోతే లినక్స్ లైవ్ పెన్‌డ్రైవ్‌తో యంత్రాన్ని తెరవండి. మరమ్మతు తరువాత, ముందు ఫైళ్లన్నీ మరో డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. షాపుకు ఇచ్చినా ఈ మాటే ముందు చెప్పండి.

సెట్టింగుల గురించి కొద్దిగా. మెనూ ఎన్ని సెకన్లు ఆగాలి, ఏది ముందు తెరవాలి అనేవి ‘/ఈటీసీ/డీఫాల్ట్/గ్రబ్’ ఫైలులో ఉంటాయి. అక్కడ లెక్క సున్నా నుంచి మొదలవుతుంది, మెనూలో మూడోది కావాలంటే 2 రాయాలి. మార్చాక ‘సుడో అప్‌డేట్-గ్రబ్’ తప్పనిసరి. ‘గ్రబ్.సీఎఫ్‌జీ’ ఫైలును మాత్రం నేరుగా ముట్టుకోవద్దు, మీ రాతలు తదుపరి అప్‌డేట్‌లో చెరిగిపోతాయి. గ్రబ్ 2.06 నుంచి పక్కనున్న విండోస్‌ను వెతికే ఓఎస్-ప్రోబర్‌ను మామూలుగా ఆపి ఉంచుతున్నారు. మెనూలో విండోస్ కనబడకపోతే అది తుడిచిపెట్టుకుపోయిందని కంగారుపడకుండా, ముందు ఈ ఫైలులో ఓఎస్-ప్రోబర్‌ను అనుమతించి చూడండి.

దాతలతో మరొక్క మాట. “ఎలాగూ ఆన్ కావడం లేదు, ఇచ్చేద్దాం” అని మాకు వచ్చిన ఒక యంత్రాన్ని లైవ్ పెన్‌డ్రైవ్‌తో తెరిస్తే ఆ కుటుంబం ఆధార్ కాపీలు, బ్యాంకు కాగితాలు, పెళ్లి ఫొటోలు అన్నీ కళ్లముందు నిలిచాయి. వెంటనే ఆపేసి వారికి ఫోన్ చేశాం. అటెండర్ రాకపోయినా కిటికీలోంచి గదిలోకి చూడవచ్చు గదా! కాబట్టి కావలసినవి కాపీ చేసుకుని, డిస్క్‌ను పూర్తిగా చెరిపించి ఇవ్వండి. ఆ వీలు లేకపోతే డిస్క్ విప్పి మీ దగ్గరే ఉంచుకుని, మిగతా యంత్రం ఇవ్వండి. వేరే డిస్క్ వేసుకుంటాం.