హరిత విప్లవం: నిండిన గాదెలు, తరిగిన జలం

స్వాతంత్ర్యానంతరం తొలి దశాబ్దాలలో భారతదేశాన్ని వేధించిన ప్రధాన సమస్య ఆహార కొరత. 1950–51లో దేశంలో పండిన ఆహార ధాన్యాలు సుమారు 5 కోట్ల టన్నులు మాత్రమే. 1965, 1966 సంవత్సరాలలో వరుసగా అనావృష్టి ఏర్పడగా, అమెరికా నుండి ఓడలలో వచ్చే గోధుమలపై ఆధారపడక తప్పలేదు.

నాటి సంప్రదాయ వంగడాలు పొడవుగా పెరిగేవి. ఎరువు ఎక్కువైతే కంకుల బరువుకు కాండం వంగి చేను పడిపోయేది. ఈ లోపాన్ని పొట్టి వంగడాలు తొలగించాయి. జపాన్ గోధుమలోని పొట్టి లక్షణం మెక్సికోలో నార్మన్ బోర్లాగ్ రూపొందించిన రకాలలో చేరింది. ఇండోనేషియా, తైవాన్ వరి రకాలను సంకరపరచి, ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ 1966లో ఐ.ఆర్.8ను విడుదల చేసింది. ఆంధ్రదేశంలో ఆ వరిని తొలుత సాగుచేసిన వారిలో పశ్చిమ గోదావరి జిల్లా ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు ప్రసిద్ధులు.

ఆహార మంత్రి సి. సుబ్రహ్మణ్యం, శాస్త్రవేత్త ఎం.ఎస్. స్వామినాథన్ ప్రభృతుల కృషితో 1966లో మెక్సికో నుండి సుమారు 18,000 టన్నుల గోధుమ విత్తనం వచ్చింది. 1964–65లో సుమారు 1.2 కోట్ల టన్నులున్న గోధుమ దిగుబడి 1969–70 నాటికి 2 కోట్ల టన్నులకు చేరింది. 2022–23లో మొత్తం ఆహార ధాన్యాల ఉత్పత్తి 32 కోట్ల టన్నులు దాటింది.

ఈ విజయానికి ముందు నిలిచినది పంజాబ్. అక్కడి ప్రజల ప్రధానాహారం గోధుమ రొట్టె. అయినను దేశపు గాదెల కోసం ఆ రైతులు వరిని చేపట్టారు. 1960–61లో సుమారు 2.27 లక్షల హెక్టార్లున్న వరి సాగు 2020 తరువాత 30 లక్షల హెక్టార్లు దాటింది. ప్రభుత్వం మద్దతు ధరకు కొనే హామీ వరి, గోధుమలకే గట్టిగా ఉండడంతో పప్పుధాన్యాలు, చిరుధాన్యాలు వెనుకబడ్డాయి. నిలువ నీరు కోరే వరికి కాలువలు చాలక గొట్టపు బావులు వెలిశాయి. ఉచిత విద్యుత్తు నీటి వాడకాన్ని మరింత పెంచింది. 2020 అంచనా ప్రకారం ఆ రాష్ట్రంలోని 150 బ్లాకులలో 117 బ్లాకులు, ఏటా భూమిలోకి ఇంకే నీటికంటె ఎక్కువ తోడుకొంటున్నాయి.

భూగర్భ జలాన్ని కాపాడేందుకు పంజాబ్ 2009లో ఒక చట్టం చేసి, జూన్ 10కి ముందు వరి నాట్లను నిషేధించింది. నాట్లు ఆలస్యం కాగా కోతలూ ఆలస్యమై, గోధుమ విత్తుటకు వ్యవధి తగ్గింది. కోత యంత్రం విడిచిన మోళ్ళను రైతులు తగులబెట్టసాగారు. ఆ పొగ ఢిల్లీ వరకూ వ్యాపిస్తుంది. ఒక చిక్కును విప్పబోగా మరొక చిక్కు పడినది.

ఇందుకు రైతును నిందించుట న్యాయం కాదు. దేశం కోరిన పంటనే అతడు పండించాడు. పంజాబ్ బియ్యం రైళ్ళపై ఇతర రాష్ట్రాల చౌకధరల దుకాణాలకు చేరుతుంది. ఆ బియ్యంతోపాటు పంజాబ్ నీరూ తరలిపోతున్నట్లే. కనుక ఆ నీటిని కాపాడే బాధ్యత ఆ రాష్ట్రానికే పరిమితం కారాదు. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా పాటించింది. కంది, పెసర, జొన్న, సజ్జలకూ వరితో సమానమైన ధర, కొనుగోలు హామీ లభించిననాడే రైతు నిర్భయంగా పంట మార్చగలడు. అన్నం పెట్టిన నేలను నిలుపుకొనుట, తినే వారందరి కర్తవ్యం.