న్యాయ సలహా: ఆసుపత్రి మంచముపైనున్న వృద్ధుల హక్కులు

నాగార్జునసాగర్ ఎడమకాలువ నీటితో వరిసేద్యము సాగు నిడమనూరు పరిసర గ్రామములలో, జీవితమంతయు పొలమున వంగి నాట్లు వేసిన వృద్ధురాలు ఒకనాడు వాకిట కాలుజారి పడి, తుంటి యెముక విరిగి, మిర్యాలగూడకో నల్లగొండకో తరలింపబడుట అరుదైన సంగతి కాదు. ఆపరేషను జరిగిన మరునాటి రాత్రి ఆమె కన్నబిడ్డలనే గుర్తింపక, ఎదుట లేనివారిని పిలుచుచు, సెలైను గొట్టమును లాగివేయబూనినప్పుడు, ఇంటివారు మతి పోయినదని దుఃఖింతురు. కొందరు గాలి సోకినదనియు తలంతురు. అట్టి సమయమున ఆమె దేహమునకును, ఆమె మాటకును, ఆమె పేరనున్న భూమికిని చట్టము కల్పించిన రక్షణ యెట్టిదో ప్రతి కుటుంబమును ముందుగా తెలిసికొనియుండుట శ్రేయస్కరము.

మొదట వ్యాధిస్వరూపమును గ్రహింపవలెను. నిలుచున్న యెత్తునుండి పడినంతమాత్రమున ఎముక విరిగెనన్న, అది వయసు పైబడుటవలన, స్త్రీలలో విశేషించి ముట్లుడిగిన పిదప, లోలోపల గుల్లబారిన యెముక యని యెరుగవలెను. అట్టి రోగికి కలుగు చిత్తభ్రమను వైద్యులు డెలీరియం అందురు. అది కొన్ని గంటలలోనో దినములలోనో హఠాత్తుగా వచ్చును. ఒకప్పుడు తగ్గి, రాత్రివేళ హెచ్చును. కొందరు కేకలు వేయుదురు. మరికొందరు మాటాపలుకూ లేక మగతగా పడియుందురు గనుక వారి యవస్థ ఎవరి దృష్టికిని రాదు. తగ్గని నొప్పి, ఒంట నీరు తగ్గుట, మూత్రము బిగియుట, మలబద్ధకము, జ్వరము, కొన్ని మందులు, నిద్రలేమి, ఇంటివద్ద మరచివచ్చిన కళ్లద్దములు ఇవన్నియు దీనికి కారణములు కాగలవు. తుంటి విరిగిన 126 మంది వృద్ధులపై అమెరికాలోని బోస్టను నగరమున జరిపి 2001లో ప్రచురించిన పరిశీలనలో, వృద్ధవైద్య నిపుణుని పర్యవేక్షణ మొదటినుండి లభించినవారిలో నూటికి 32 మందికి, సాధారణ చికిత్స పొందినవారిలో నూటికి 50 మందికి డెలీరియం కలిగినది. కావున దీనిని ముసలితనపు సహజలక్షణమని విడిచిపెట్టుట తగదు. శ్రద్ధవహించినచో కొంతవరకు నివారింపదగిన వ్యాధి యిది.

హక్కులలో మొదటిది కాలహరణము లేని చికిత్స. తుంటి విరిగినవారికి వీలైనంతవరకు రెండు దినములలోపల ఆపరేషను చేయుట మేలని వైద్యశాస్త్రము చెప్పుచున్నది. ప్రభుత్వాసుపత్రి అత్యవసర చికిత్సను నిరాకరించుట రాజ్యాంగము 21వ అధికరణము ప్రసాదించిన జీవించు హక్కునకు భంగమని సుప్రీంకోర్టు 1996లో పశ్చిమ బంగ ఖేత్ మజ్దూర్ సమితి వ్యాజ్యమున నిర్ణయించి, రైలునుండి పడి గాయపడి ఆసుపత్రులచుట్టు తిరుగవలసివచ్చిన కూలికి ₹25,000 పరిహార మిప్పించినది. తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ సంక్షేమ చట్టము, 2007, 20వ సెక్షను ప్రకారము ప్రభుత్వాసుపత్రులు వీలైనంతమేరకు వృద్ధులకు పడకలు ఇయ్యవలెను, ప్రత్యేక వరుసలు ఏర్పరుపవలెను. వ్యయము విషయమున, తెలంగాణలో ఆరోగ్యశ్రీ పథకపు పరిమితి 2023 డిసెంబరు 9 నుండి ₹10 లక్షలైనది. 70 ఏండ్లు నిండినవారికి ఆదాయముతో నిమిత్తము లేక ఏటికి ₹5 లక్షల వరకు ఆయుష్మాన్ భారత్ క్రింద చికిత్సాసౌకర్యము 2024 అక్టోబరులో ప్రారంభమైనది.

రెండవది సమ్మతి. సమీరా కోహ్లీ వ్యాజ్యమున, రోగి మత్తులో నుండగా ఆమె తల్లియొద్ద సమ్మతి గైకొని, ప్రాణాపాయము లేకయే గర్భసంచి తొలగించిన సందర్భమున, తల్లి సమ్మతి చెల్లదని సుప్రీంకోర్టు 2008 జనవరి 16న తీర్పు చెప్పినది. వయసు మీరిన తల్లి యైనంతమాత్రాన ఆమెకు బదులుగా కొడుకు సంతకము చాలదని దీనినుండి మనము గ్రహింపవలెను. డెలీరియం వచ్చుచు పోవుచు నుండును గనుక, తెలివి నిలుకడగా నున్న వేళ చూచి, వినికిడి యంత్రము తగిలించి, ఆమె యెరిగిన తెలుగులో వైద్యుడు విషయము విశదపరచుట ధర్మము. ప్రాణరక్షణకు తక్షణము చేయవలసిన చికిత్సకు మాత్ర మీ నిరీక్షణ అవసరము లేదు.

మూడవది గౌరవము. కల్లోలపడు రోగి చేతులను మంచమునకు కట్టివేయుట పలుచోట్ల వాడుకగా నున్నది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము 97వ సెక్షను, తక్షణ ప్రమాదమును తప్పింప వేరొక మార్గము లేనప్పుడు మాత్రమే నిర్బంధమును అనుమతించి, సిబ్బంది కొరతను కారణముగా చూపరాదనియు, కారణమును రికార్డు చేయవలెననియు శాసించుచున్నది. ఆ సెక్షను మానసిక చికిత్సాలయములకు ఉద్దేశింపబడినదైనను, ఎముకల వార్డులోని వృద్ధురాలి గౌరవము అంతకంటె తక్కువది కాదు. కట్టుటకు ముందు నొప్పి తగ్గించితిరా, మూత్రము చూచితిరా, దగ్గర బంధువును ప్రక్కన కూర్చుండనిత్తురా యని అడుగుటకు కుటుంబము సంకోచింపరాదు.

నాల్గవది ఆస్తి. ఈ విషయమున మన ప్రాంతమువారు మిక్కిలి జాగరూకులై యుండవలెను. జ్వరముచేత సంధి పేలాపనలో నున్నవాడు ఆ స్థితి యుండునంతకాలము ఒప్పందము చేసికొనజాలడని 1872 నాటి భారత ఒప్పందముల చట్టము 12వ సెక్షను ఉదాహరణపూర్వకముగా చెప్పియున్నది. ఒప్పందమునకు అర్హుడు కానివాడు ఆస్తిని బదిలీ చేయుటకును అనర్హుడని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము 7వ సెక్షను. వీలునామాకును ఇదే న్యాయము 1925 నాటి వారసత్వ చట్టమున గలదు. వ్యాధిచేత మనస్సు దుర్బలమైన వ్యక్తిపై ఆధిపత్యము గలవాడు అన్యాయలాభము పొందినచో, ఆ లావాదేవి సక్రమమని నిరూపించు భారము ఒప్పందముల చట్టము 16వ సెక్షను ప్రకారము వానిపైననే పడును. మతిస్థిమితము లేదని తోచిన వ్యక్తి దస్తావేజును రిజిస్ట్రారు నిరాకరింపవలెను. తెలంగాణలో వ్యవసాయభూమికి ఆ యధికారి తహశీల్దారే. కావున ఆసుపత్రిలో బొటనవ్రేలికి సిరా పూయబడినచో, ఆనాటి నర్సుల నోట్సు ఆ వేలిముద్రకు బలమైన ప్రతిసాక్ష్యము కాగలదు. దస్తావేజు రద్దునకు, విషయము తెలిసిన నాటినుండి మూడేండ్లలో సివిలు కోర్టు నాశ్రయింపవలెను. పోషింతునని షరతుతో భూమి వ్రాయించుకొని పోషింపనివాని దానపత్రము 2007 చట్టము 23వ సెక్షను క్రింద రద్దు కాగలదు.

ఇన్నిటికిని ఆధారము రికార్డు. భారత వైద్యమండలి 2002 నిబంధనల ప్రకారము, రోగి గాని అధికారమిచ్చిన ప్రతినిధి గాని కోరిన 72 గంటలలో వైద్యుడు రికార్డులు ఇయ్యవలెను. డెలీరియం కలుగుటయే నిర్లక్ష్యము కాదు. ఎంత శ్రద్ధ వహించినను అది రావచ్చును. గుర్తింపవలసిన దానిని గుర్తింపక, వెదకవలసిన కారణమును వెదకక హాని కలిగించినప్పుడే నిర్లక్ష్యమను ప్రశ్న పుట్టును. రుసుము తీసికొను ఆసుపత్రిపై రెండేండ్లలోపు నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషనునందు ఫిర్యాదు చేయవచ్చును. చెల్లించిన మొత్తము ₹5 లక్షలు దాటనిచో ఫిర్యాదునకు రుసుము లేదు. హైదరాబాదులో మలేరియాకు మారుగా టైఫాయిడు చికిత్స జరిగి భార్యను కోల్పోయిన ఒక మలేరియాశాఖ అధికారి తెచ్చిన వ్యాజ్యమున, ప్రతి కేసునందును నిపుణసాక్ష్యము తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు 2010 మార్చి 8న తేల్చి, జిల్లా ఫోరము ఇచ్చిన ₹2 లక్షల పరిహారమును నిలిపినది.

చికిత్సకు డబ్బు పెట్టక బిడ్డలు తప్పించుకొన్నచో, 2007 చట్టమున పోషణ యనగా వైద్యమును కలసినదే గనుక, నిడమనూరువారు మిర్యాలగూడ ఆర్డీవో అధ్యక్షతనున్న ట్రిబ్యునలుకు, సూర్యాపేట, కోదాడవారు తమ డివిజను ట్రిబ్యునలుకు తెల్లకాగితముపై అర్జీ పెట్టుకొనవచ్చును. ట్రిబ్యునలు నెలకు ₹10,000 వరకు ఇప్పింపగలదు. వృద్ధులను విడిచిపెట్టిపోవుట మూడు నెలల వరకు శిక్షార్హమైన నేరము. స్త్రీలకు ఆదాయముతో పనిలేక ఉచిత న్యాయసహాయము లభించును. నిడమనూరు న్యాయస్థానమునందు గాని, 15100 నంబరున గాని విచారింపవచ్చును. వృద్ధుల సహాయమునకు 14567.

తుదకొక సలహా. ఆసుపత్రి విడుచు దినమున డిశ్చార్జి కాగితమున రెండు సంగతులు వ్రాయించుకొనుడు: డెలీరియం ఏనాడు మొదలై ఏనాడు తగ్గినది, గుల్లబారిన యెముకకు ఏ మందు ఎంతకాలము వాడవలెను. మొదటిది ఆమె భూమిని కాపాడును. రెండవది రెండవ తుంటిని కాపాడును. ఆ కాగితము చేతికి రాకుండ, మతి కుదుటబడినదని వైద్యుడు చెప్పకుండ, ఎవరు తెచ్చిన పత్రముపైనను ఆమెచేత వ్రేలు వేయింపకుడు.