ఆఫీస్ సెటప్ మీ నెత్తిన పడితే

తిరుపతిలో ఆఫీసు కోసమే కట్టిన బిల్డింగ్ దొరకడం అరుదు. యాత్రికుల బస కోసం టీటీడీ తిరుచానూరులో కట్టిన పద్మావతి నిలయమే 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాకు కలెక్టరేట్ అయింది. ఇక ముప్పై మంది స్టాఫ్ ఉన్న కంపెనీకి దక్కేది ఎయిర్ బైపాస్ రోడ్డులో షాపుల మీది ఫ్లోరో, చిత్తూరులో ఏ డాబా ఇల్లో. ఎండీ గారు పై నెలకల్లా షిఫ్ట్ అవ్వాలంటారు, హైదరాబాద్ లెవల్లో ఉండాలంటారు. ఇంటీరియర్ వాళ్లు త్రీడీ బొమ్మలు చూపిస్తారు. ఆ బొమ్మల్లో మే నెల ఉండదు.

అడ్వాన్స్ ఇచ్చే ముందే కరెంటు మీటరు చూడండి. ఇల్లయితే అది డొమెస్టిక్ కేటగిరీలో ఉంటుంది. దాని మీద ఆఫీసు నడపడం విద్యుత్ చట్టం 2003, సెక్షన్ 126 ప్రకారం అనధికార వాడకం. ఎస్పీడీసీఎల్ తనిఖీలో దొరికితే వర్తించే టారిఫ్‌కు రెట్టింపు లెక్కన అసెస్‌మెంట్ వేస్తారు. "ఏం కాదు సార్, అందరూ ఇట్లే నడుపుతా ఉండారు" అని ఓనర్ ధైర్యం చెప్తాడు. నోటీసు వచ్చిన రోజు ఆయన ఫోన్ ఎత్తడు. కేటగిరీ మార్పు, సాంక్షన్డ్ లోడ్ పెంపు ఎవరి ఖర్చో అగ్రిమెంట్‌లోనే రాయించండి. ఎగ్జాస్ట్ కోసం గోడకు కన్నం కొట్టడానికి, కిటికీలకు బయట షేడ్ కట్టడానికి అనుమతి కూడా అందులోనే ఉండాలి. చేరాక అడిగితే పని కాదు.

తర్వాత ఎండ. అద్దాల ఎలివేషన్ పడమటికి ఉంటే మధ్యాహ్నం మూడు దాటాక ఆ వరుసలో ఎవరూ కూర్చోలేరు. లోపల బ్లైండ్స్ వేస్తే వెలుగు తగ్గుతుంది గానీ, వేడి అప్పటికే అద్దం దాటి వచ్చేసి ఉంటుంది. అడ్డు బయటే ఉండాలి. హైదరాబాద్‌లో 2004లో మొదలైన సీఐఐ గ్రీన్ బిజినెస్ సెంటర్‌లో జాలీ గోడలు కట్టింది ఇందుకే. మీది పై అంతస్తయితే టెర్రస్‌కు తెల్ల కూల్ రూఫ్ పెయింట్ వేయించండి. తెలంగాణ 2023లో దీనికోసం ఏకంగా పాలసీయే తెచ్చింది.

ఏసీ గొడవ లేని ఆఫీసు ఉండదు. ఒక కేసు అనుకుందాం. ముప్పై మందికి ఒకే హాలు, ఆరు స్ప్లిట్ ఏసీలు, ఫాల్స్ సీలింగ్ కోసం పీకేసిన ఫ్యాన్లు. ఏసీకి ఎదురుగా కూర్చున్నావిడ చున్నీ తలకు చుట్టుకుంటుంది. మూలన గాలి తగలని ఆయన రిమోట్ తీసుకుని 18 పెడతాడు. 24 డిగ్రీల డిఫాల్ట్ సెట్టింగ్ 2020 నుంచే అమల్లో ఉంది. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని కరెంటు పొదుపు చూసే కేంద్ర సంస్థ బీఈఈ లెక్క. కానీ ఫ్యాన్లు లేకుండా "24 కన్నా తగ్గించరాదు" అని మెయిల్ పెడితే రెండో రోజే రిమోట్లు మాయమవుతాయి. ఫాల్స్ సీలింగ్ మానుకునైనా ఫ్యాన్లు ఉంచండి. అప్పుడు 26 పెట్టినా ఎవరూ గొణగరు.

స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది, బయటి గాలి తేదు. లంచ్ తర్వాత రివ్యూ మీటింగ్‌లో అందరూ ఆవులిస్తుంటే, రాగిసంగటిని తిట్టుకునే ముందు సీఓటూ మీటరు పెట్టి చూడండి. తలుపేసిన చిన్న గదిలో ఎనిమిది మంది గంట కూర్చుంటే రీడింగ్ 1000 పీపీఎం ఇట్టే దాటుతుంది. ఎగ్జాస్ట్ ఒక్కటే పెడితే చాలదు, ఎదురు గోడ నుంచి గాలి లోపలికి వచ్చే దారి కూడా కావాలి.

గోడలు తీసేస్తే టీమ్ కలిసిపోతుందని మేనేజ్‌మెంట్ నమ్మకం. హార్వర్డ్ పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనంలో, ఓపెన్ ఆఫీసుకు మారిన రెండు పెద్ద కంపెనీల్లో ముఖాముఖి మాటలు సుమారు 70 శాతం పడిపోయాయి, మెయిళ్లు, చాట్‌లు పెరిగాయి. ఎండీకి ఈ అంకె చెప్పండి, అంకెలైతే వింటారు. కస్టమర్ కాల్స్ మాట్లాడేవాళ్లనూ ట్యాలీలో ఎంట్రీలు వేసేవాళ్లనూ ఒకే బల్లకు కూర్చోబెట్టకండి. ఫోన్లకు తలుపున్న చిన్న గదులు రెండు, టీ దగ్గర నలుగురు నిలబడే జాగా వదిలితే చాలు.

యూపీఎస్, సర్వర్ ర్యాక్ సెల్లార్‌లో మాత్రం పెట్టనివ్వకండి. తిరుపతిలో 2021 నవంబరు వరద చూసినవాళ్లకు ఎందుకో చెప్పక్కర్లేదు.

బడ్జెట్‌లో కోత ఖాయం. అది ఎప్పుడూ కుర్చీల మీదే పడుతుంది, రిసెప్షన్ వెనక లోగో గోడ జోలికి పోదు. కాబట్టి కుర్చీల పీఓ అన్నిటికంటే ముందు రిలీజ్ చేయించండి. రెండు మూడు మోడళ్లు శాంపిల్‌కు తెప్పించి, రోజంతా సీటు కదలని అకౌంట్స్ వాళ్లతో వారం వాడించండి. పాదాలు నేలకు ఆనేంత కిందికి దిగాలి, నడుముకు ఆసరా ఉండాలి. ఇంటీరియర్ వెండర్ బిల్లులో కొంత రిటెన్షన్ కింద ఆపి, ఒక ఎండాకాలం, ఒక వానాకాలం దాటాకే ఇస్తామని పీఓలో రాయండి. ఒప్పుకోని వెండర్ కొటేషన్‌ను అక్కడే పక్కన పెట్టేయొచ్చు.